సరదాకి తొక్కిన సైకిళ్ళు

ఆదివారం తెల్లవారకముందే లేచి, నెత్తిన హెల్మెట్టూ వీపున సంచీ తగిలించుకుని, హైదరాబాదు నుంచి వికారాబాదు పక్కనున్న అనంతగిరి కొండ దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేవాళ్ళు కొందరున్నారు. ఎంతలేదన్నా 75 కిలోమీటర్లు. తిరిగి రావడానికి మళ్ళీ అంతే. అక్కడితో ఆగని మొండివాళ్ళు ఇంకో 40 కిలోమీటర్లు తొక్కి, తాండూరు నాపరాళ్ళ దుమ్ము కూడా తిని వస్తారు. "బస్సుల్లేవా, రైళ్ళు లేవా, కాళ్ళు పీక్కుపోయేలా ఈ తొక్కుడేమిట్రా నాయనా!" అని ఇంట్లో ఆడవాళ్ళం విసుక్కుంటాం. ఈమధ్య ఆడపిల్లలూ ఆ గుంపులో చేరారు కనక వాళ్ళనీ కలిపే విసుక్కుంటాం. పుణ్యమా, పురుషార్థమా? పోనీ, వచ్చేటప్పుడు తాండూరు కందిపప్పయినా తెస్తారా?

ఏమీ తేరు. సరదా అంటేనే అది.

అయితే ఆ సైకిళ్ళు ఎక్కే కొండకీ, అంటురోగానికీ, రోగి గుమ్మం దాకా మందు చేరే దారికీ మధ్య ఒక పాత కథ ఉంది. ఈ పనికిమాలిన సరదా ఆ కథలో ఎక్కడో ఒకచోట కలుస్తుంది. అదే చెబుదామని.

వికారాబాదు పేరులో దాగి ఉన్న పెద్దమనిషి వికార్ ఉల్ ఉమ్రా. ఆరో నిజాం దగ్గర 1893 నుంచి 1901 దాకా ప్రధానిగా చేసిన పాయెగా ప్రభువు. హైదరాబాదులో ఫలక్‌నుమా కట్టించింది ఆయనే. ఊరి పక్కనే అనంతగిరి. కొండమీద అనంతపద్మనాభస్వామి, చుట్టూ అడవి, మూసీ నదికి పుట్టిల్లు. ఎండాకాలంలోనూ హాయిగా ఉండే ఆ గాలిని చూసే కాబోలు, నిజాం కాలంలో అక్కడ క్షయ రోగులకి దవాఖాన కట్టారు.

క్షయ అంటే ఇప్పటి పిల్లలకి అంత భయం తెలీదు గానీ, ఒకప్పుడు నవలలు రాసేవాళ్ళకి అంతకన్నా సదుపాయమైన జబ్బు ఉండేది కాదు. కథానాయిక దగ్గి, చేతిరుమాలు చూసుకుని, గుప్పిట మూసేసిందంటే చాలు, చదివేవాళ్ళకి గొంతులో వెలక్కాయ పడేది. తర్వాత ప్రకరణంలో ఆవిడ శానిటోరియానికి ప్రయాణం కట్టేది. మన వాళ్ళకి శానిటోరియం అంటే మదనపల్లె. అక్కడి ఆరోగ్యవరంలో 1915లోనే మొదలైంది. నవల్లో ఆ ప్రయాణం ఒక పేజీ. నిజంగా వెళ్ళినవాళ్ళకి అది నెలలూ, సంవత్సరాలూ. అప్పటికి మందు లేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, పడక, ఇవే వైద్యం. పసిపిల్లని అత్తగారి చేతిలో పెట్టి, తిరిగి వస్తానో రానో అనుకుంటూ బండెక్కిన తల్లులు ఎందరో!

1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టారు. తర్వాత ఇంకొన్ని మందులు వచ్చాయి. అసలు మలుపు మాత్రం మన మద్రాసులోనే తిరిగింది. 1956లో అక్కడి డాక్టర్లు ఒక పరిశోధన మొదలుపెట్టారు. పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచారు. మిగిలినవాళ్ళని ఇరుకిరుకు ఇళ్ళల్లోనే ఉంచి అవే మందులు ఇచ్చారు. 1959లో ఫలితం ప్రకటించారు. ఇంట్లో ఉన్నవాళ్ళూ ఇంచుమించు అలాగే కోలుకున్నారు! కొండగాలి తప్పనిసరి కాదు, మందు క్రమం తప్పకుండా పడితే చాలు అని తేలిపోయింది. ప్రపంచమంతా ఆ మాట వింది. శానిటోరియాల కాలం మెల్లగా ముగిసింది.

అంతకుముందు రోగి మందున్నచోటికి వెళ్ళేవాడు. ఇప్పుడు మందే రోగి ఉన్నచోటికి రావాలి. వినడానికి చిన్న మార్పు. కానీ దాంతో ఒక కొత్త ప్రశ్న పుట్టింది. మోసుకొచ్చేది ఎవరు?

రోగానికి మాత్రం ఎప్పుడూ ఈ బెంగ లేదు. దాన్ని మోసేవాళ్ళు ఎప్పుడూ సిద్ధమే! 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకి రైలు వేశారు. తాండూరు, వికారాబాదు ఆ దారిలోవే. బొంబాయి నుంచి హైదరాబాదుకి సరుకులొచ్చినా, చుట్టాలొచ్చినా ఆ దారినే. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా అదే బొంబాయి రేవులో దిగి, రైలెక్కి దేశమంతా తిరిగింది. ఈ దేశంలో కోటిమందికి పైగా పోయారు. హైదరాబాదులో క్వారంటైన్ కోసం పెట్టిన ఆసుపత్రిని జనం 'కోరంటి దవాఖాన' చేసేసుకున్నారు. నల్లకుంట జ్వరాల ఆసుపత్రిని పాతవాళ్ళు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఇంగ్లీషు మాట తెలుగు కోడలై కాపరం చేసిందంటే, ఆ భయం ఎన్నాళ్ళు మన ఇళ్ళల్లో తిష్ఠ వేసిందో చూడండి.

సరే, మోసేవాళ్ళ సంగతికి వద్దాం. దీనికి జవాబు ఒక్కోసారి ఆటలాడుకునేవాళ్ళ దగ్గర దొరుకుతుందంటే నమ్ముతారా?

మంచు దేశాల్లో కాళ్ళకి పొడుగాటి సన్నటి చెక్కలు కట్టుకుని, మైళ్ళకొద్దీ మంచుమీద జారుకుంటూ పోతారు. స్కీయింగ్ అంటారు. నార్వేలో ఏటా జరిగే ఒక పెద్ద స్కీ పందెంలో ఒక చిత్రమైన నియమం ఉంది. పోటీలో దిగే ప్రతివాళ్ళూ వీపున మూడున్నర కిలోల మూట మోయాలి. ఎందుకంటారా? 1206 చలికాలంలో అంతర్యుద్ధం జరుగుతుంటే, రెండేళ్ళు కూడా సరిగ్గా నిండని రాజకుమారుణ్ణి ఇద్దరు స్కీ వీరులు మంచుకొండలు దాటించి కాపాడారట. ఆ పసివాడి గుర్తే ఆ మూట. 1932 నుంచీ ఆడుతున్న ఆట అది. ఆటే గానీ, 'నీ వీపు ఒకరిని మోయడానికి కూడా' అని ఏటేటా గుర్తుచేసే ఆట.

ఇంకొక కథ అలాస్కాది. 1925 జనవరిలో నోమ్ అనే ఊళ్ళో పిల్లలకి కంఠసర్పి, అదే డిప్తీరియా, సోకింది. ఊళ్ళో ఒక్కడే డాక్టరు, చేతిలో సరైన మందు లేదు. సముద్రం గడ్డకట్టి ఓడలు రావు. ఆ చలిలో ఆనాటి విమానాలు ఎగరవు. రైలు ఆగిన చోటు నుంచి ఊరు 674 మైళ్ళు. కుక్కలు లాగే స్లెడ్జి బండ్లవాళ్ళు 20 మంది, నూట యాభై దాకా కుక్కలు, ఒకరి చేతి నుంచి ఒకరు మందు పెట్టె అందుకుంటూ అయిదున్నర రోజుల్లో చేర్చారు. అందులో అన్నిటికన్నా కష్టమైన దారి పట్టినవాడు సెప్పాలా. నార్వే నుంచి వచ్చి స్థిరపడినవాడు. 1915, 16, 17 సంవత్సరాల్లో వరసగా కుక్కబండ్ల పందెం గెలిచిన మనిషి. పందెం కోసం తిరిగీ తిరిగీ ఏ మంచు నిలుస్తుందో, ఏది విరుగుతుందో అతని కాళ్ళకి తెలుసు. ఆ తెలివి ఆ రాత్రి కోసం సంపాదించింది కాదు. ఆ రాత్రికి పనికొచ్చింది, అంతే.

ఇక మన కాలానికి, మన కొండకి వద్దాం.

2020 మార్చిలో అనంతగిరి దవాఖానలో కరోనా రోగులకి విడి వార్డు పెడతారన్న కబురు పుట్టగానే, చుట్టుపక్కల జనం ఒద్దంటే ఒద్దన్నారు. ఏళ్ళ తరబడి క్షయరోగుల దగ్గు విన్న కొండ అది! వాళ్ళని ఆడిపోసుకోవడానికి నాకు నోరు రాదు. పిల్లల తల్లికి ముందు భయం వేస్తుంది, న్యాయం తర్వాత గుర్తొస్తుంది. ఆ నెల్లోనే దేశానికి దేశం తలుపులేసుకుంది. సరదా సైకిళ్ళు కూడా గోడకి ఆనుకుని బూజు పట్టాయి.

ఆ ఏడే బెంగుళూరులో కొందరు సైకిళ్ళవాళ్ళు ఒక ఆలోచన చేశారు. ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళకి మందులూ సరుకులూ మనమే అందిస్తే? 'రిలీఫ్ రైడర్స్' అని పేరు పెట్టుకున్నారు. 2021లో రెండో విడత విరుచుకుపడినప్పుడు హైదరాబాదులోనూ అదే పేరుతో ఒక జట్టు లేచింది. ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. మొదట్లో పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు. ఆ నాలుగు గంటల్లోనే పాలు, కూరలు, మందుల షాపు ముందు వరస. పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో. ఇక్కడ ఇద్దరే ముసలివాళ్ళు, ఒకరికి బీపీ, ఒకరికి షుగరు. ఫోను చేస్తే, దగ్గర్లో ఉన్న సైకిలు కుర్రాడో, అమ్మాయో మాత్రలు కొని గేటు దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు.

ఎన్ని గేట్ల దగ్గర ఈ సంభాషణ జరిగి ఉంటుందో!

"లోపలికి రా నాయనా, మజ్జిగ తాగి వెళ్దువుగాని."

"ఒద్దు బామ్మగారూ, గేటు దగ్గర పెట్టేశాను. నేను వెళ్ళాక తీసుకోండి."

"ఎండన పడి వచ్చావు..."

"అలవాటే లెండి. అనంతగిరి దాకా తొక్కుతాం మేము!"

ఆ 'అలవాటే లెండి' అన్న మాటలో ఉంది అసలు కిటుకు. వాళ్ళు దేవతలేం కాదు, మన పక్కింటి పిల్లలే. కాకపోతే మంచి రోజుల్లో కలిసి తిరిగినవాళ్ళు. ఎవరి ఫోన్ నంబరు ఎవరి దగ్గరుందో, ఎవరు ఏ పేటలో ఉంటారో, ఎవరిని నమ్మవచ్చో ముందే తెలుసు. దారిలో ఒకరి సైకిలు ట్యూబు పోతే తక్కినవాళ్ళు ఆగడం అలవాటు. ఆగడం అలవాటైన మనుషులు కనకనే, ఊరంతా ఆగిపోయినప్పుడు కదిలారు.

అయితే ఒక్క మాట చెప్పకపోతే అన్యాయమైపోతుంది. సైకిలు పిల్లలు మందు తెస్తే అది పేపర్లో ఫోటో. ఆశా కార్యకర్త మందు తెస్తే అది మామూలు. ఆ మే నెలలోనే తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే పెట్టారు. మండుటెండలో ఆశాలూ ఏఎన్ఎమ్‌లూ గడప గడపకీ తిరిగి, జ్వరం ఉందా, దగ్గుందా అని అడిగి, లక్షణాలున్నవాళ్ళకి మందుల కిట్టు ఇచ్చి వెళ్ళారు. వాళ్ళకది సరదా కాదు, ఆదివారం కాదు. వచ్చేది చాలీచాలని డబ్బు. పైగా కొన్ని వీధుల్లో 'నువ్వే రోగం తెస్తున్నావు' అన్న మాట కూడా పడాలి. సైకిలు తొక్కినవాళ్ళని మెచ్చుకుందాం, తప్పక మెచ్చుకుందాం. ఆ చప్పట్లు నడిచినవాళ్ళ దాకా వినబడేలా కొడదాం.

అదే ఏడు సెప్టెంబరు 11న వికారాబాదు ఇంకో వింత చూసింది. 'మెడిసిన్ ఫ్రమ్ ది స్కై' అని, డ్రోన్లతో మందులూ టీకాలూ పంపే ప్రయోగం దేశంలోకెల్లా ముందుగా అక్కడే మొదలుపెట్టారు. కేంద్ర విమానయాన మంత్రి స్వయంగా వచ్చారు. చల్లటి పెట్టెలో టీకాలు పెట్టుకుని ఆ చిన్న యంత్రం రివ్వున లేచి, చెట్లమీదుగా ఎగిరిపోయింది. ఒకనాడు రోగులు మందుకోసం వచ్చిన ఊళ్ళోనే, మందు రెక్కలు కట్టుకుని రోగుల ఊళ్ళకి బయల్దేరింది. ఎవరు ఏర్పాటు చేశారో గానీ, చరిత్రకి కాస్త హాస్యం తెలుసనిపిస్తుంది.

రేపు ఇంకా మంచి డ్రోన్లు వస్తాయి. రావాలి కూడా. కొండలు దాటుతాయి, వాగులు దాటుతాయి. కానీ గేటు దగ్గర నిలబడి, "బామ్మగారూ, రాత్రి జ్వరం తగ్గిందా? తాతగారు అన్నం తిన్నారా?" అని అడగవు. ఆ ప్రశ్న కూడా సగం మందే.

మనం సైకిలే తొక్కనక్కర్లేదు. మనకీ భజన బృందాలున్నాయి, చిట్టీల జట్టులున్నాయి, సాయంత్రం పార్కులో నడిచే నలుగురున్నారు. 2020లో మాస్కులు దొరక్కపోతే పొదుపు సంఘాల ఆడవాళ్ళు కుట్టుమిషన్ల ముందు కూర్చుని కుట్టి ఇవ్వలేదూ? ఈసారి మీ నలుగురూ కలిసినప్పుడు కబుర్ల మధ్య ఒక కాగితం తీసి రాసుకోండి. వీధిలో ఎవరు ఒంటరిగా ఉంటున్నారు, వాళ్ళు వాడే మాత్రలేమిటి, అర్ధరాత్రి ఎవరిని లేపితే విసుక్కోకుండా లేస్తారు? పెద్ద జాబితా అక్కర్లేదు, పది పేర్లు చాలు. రోగం చెప్పి రాదు. అది వచ్చేనాటికి ఆ కాగితం ఏ డబ్బాలో పెట్టారో మాత్రం మరిచిపోకండి.