ఇరవయ్యా, అరవయ్యా? వాకీటాకీలో గొంతు ఎందుకు పగులుతుంది

ఇవాళ్టి కథ బీచుపల్లి వంతెన దగ్గర మొదలవుతుంది. నేను కృష్ణకు ఇవతల, వనపర్తి జిల్లా పెబ్బేరు వైపు. మా దోస్తు అవతల, గద్వాల జిల్లా ఒడ్డున. ఇద్దరికీ హ్యామ్ లైసెన్సులున్నాయి, చేతుల్లో వాకీటాకీలు, ఒకటే ఫ్రీక్వెన్సీ. నేను మాట్లాడితే వాడికి పగిలిన స్పీకర్‌లా వినిపిస్తోంది. వాడు మాట్లాడితే నాకు బావిలోంచి వచ్చినట్టు సన్నగా. "ఇరవయ్యా అరవయ్యా, సక్కగ చెప్పురా!" పది నిమిషాలు ఇదే పంచాయితీ.

సెట్లు చెడిపోలేదు. వాడిది సెకండ్ హ్యాండ్ సెట్. మెనూలో 'న్యారో' అని పెట్టి ఉంది. నాది 'వైడ్'.

ఎఫ్ఎమ్‌లో మన గొంతు ఎంత గట్టిగా ఉంటే ఫ్రీక్వెన్సీ అంత ఎక్కువగా అటూ ఇటూ ఊగుతుంది. వైడ్‌లో ఆ ఊపు 5 కిలోహెర్ట్జ్ దాకా, న్యారోలో 2.5 దాకా. వైడ్ మాట న్యారో సెట్‌లోకి వెళ్తే ఫిల్టర్ ఇరుకు కాబట్టి, గట్టిగా పలికిన అక్షరాలే ముందు పగులుతాయి. న్యారో మాట వైడ్ సెట్‌కి వస్తే ఊపు సగమే, వినిపించేదీ సగమే. వాల్యూమ్ పెంచారనుకోండి, గొంతుతో పాటు 'హిస్స్' కూడా పెరుగుతుంది.

ఈ ఇరుకు-వెడల్పు గొడవ పాతదే. ఎఫ్ఎమ్‌ను ఇరుకు చేసి లాభం లేదని 1922లో జాన్ కార్సన్ లెక్కలు వేసి చూపించాడు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రివర్స్‌లో ఆలోచించాడు: ఇరుకు ఎందుకు, వెడల్పు చేద్దాం, శబ్దాల గోల తగ్గుతుంది అని. 1933లో పేటెంట్ తెచ్చుకున్నాడు. 1940కల్లా అమెరికాలో కనెక్టికట్ రాష్ట్ర పోలీసులు ఎఫ్ఎమ్ కార్ రేడియోలు వాడుతున్నారు. ఆ కాలం సెట్లలో ఊపు 15 కిలోహెర్ట్జ్! రేడియోలు పెరిగాయి, చోటు చాలక దాన్ని 5కి కుదించారు. అక్కడే 2013 జనవరి 1 నుంచి చాలా ప్రభుత్వ, వ్యాపార రేడియోలకు 2.5 తప్పనిసరి చేశారు. అంటే మనం ఇవాళ వైడ్ అంటున్నది మన తాతల కాలానికి ఇరుకే. నాకైతే ఇది చదివినప్పుడు భలే నవ్వొచ్చింది.

మరి పాత సెట్ల నెట్‌వర్క్‌ను కొత్త సెట్ల నెట్‌వర్క్‌తో కలపాలంటే? రెండు రేడియోల మధ్య ఉత్త కేబుల్ వేస్తే చాలదు. ఒక టెస్ట్ టోన్ పంపి, వైడ్ వైపు 3 కిలోహెర్ట్జ్ ఊపు వస్తే న్యారో వైపు 1.5 వచ్చేలా లెవెల్ సెట్ చేయాలి. రెండూ వాటి వాటి పూర్తి ఊపులో 60 శాతం. చిన్న స్క్రూడ్రైవర్ పని. మనోళ్లు చాలామంది అదే వదిలేసి, 'సెట్ బాలేదు' అంటారు.

ఇదంతా హాబీ గోలే కదా అనకండి. 2009 అక్టోబరులో వరద అలంపూర్‌ను ముంచినప్పుడు ఈ మూడు జిల్లాలూ ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోనే ఉన్నాయి. జూరాలకు అరవైకి పైగా గేట్లు. ఎన్ని ఎత్తారో దిగువకు రేడియోలో చెప్పాల్సిన రాత్రి ఒకటి ఊహించుకోండి. ఇరవయ్యా, అరవయ్యా? నాగర్‌కర్నూల్ వైపు మన్ననూరు దాటి నల్లమలలోకి పోతే ఫోన్ సిగ్నల్ మాయం. అక్కడ వైర్‌లెస్సే దిక్కు.

మా దోస్తు మెనూ మార్చాడు. వంతెన మీద లారీ హారన్ కూడా క్లియర్‌గా వినిపించింది. "ఇరవై రా, ఇరవై!" అన్నాను. ఇంతకీ వాడు నాకు ఇవ్వాల్సిన చాయ్ డబ్బులవి.