తరగతి గదిలో పరిశోధన: గిడుగు వారి మార్గము

ఉపాధ్యాయుడు తన తరగతిలోని చిక్కును తానే పరిశీలించి, బోధనను మార్చి, ఫలితమును మరల పరీక్షించుకొనుటను క్రియాత్మక పరిశోధన యందురు. కర్ట్ లెవిన్ 1946లో ఈ పేరును ప్రచారమునకు తెచ్చెను. స్టీఫెన్ కోరీ 1953లో పాఠశాలలకు అన్వయించెను. తెలుగువారిలో ఆ పని అంతకు పూర్వమే జరిగినది.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి (1863-1940) సవర బాలురకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని తలంచి, ముందుగా తానే సవర నేర్చెను. పిదప ఆ భాషలో వాచకములు వ్రాసి, బడులు పెట్టి చెప్పించెను. పాఠశాలల పర్యవేక్షకుడు జె. ఏ. యేట్సు 1906 ప్రాంతమున తెలుగును సజీవభాషగా నేర్పుటను ప్రస్తావింపగా, ఆయన దృష్టి తెలుగు తరగతిపైకి మరలినది. వ్యావహారికోద్యమమును కేవలము పండితవివాదముగా చూచువారు ఈ మూలమును మరచుచున్నారు.

ఇది మద్రాసు రాజధానిలోని మాట. నిజాము రాజ్యమున 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో వెలసెను. మాక్లూరు, బోధను పల్లెల తెలుగు బాలుడు అచట చదువవలెనన్న ఉర్దూ నేర్వక తప్పదయ్యెను. ఆ మాధ్యమమును మార్చు అధికారము పల్లె ఉపాధ్యాయునికి లేదు. గిడుగువారికి దొరికిన కొద్దిపాటి స్వేచ్ఛయైనను అతనికి దొరకలేదు.