చైన్ రెస్టారెంట్లు - తరాల భోజనపు అలవాట్లు

ఒకే పేరుతో, ఒకే రకమైన వంటకాలతో అనేక ఊళ్ళలో శాఖలు నడిపే హోటళ్ళను చైన్ రెస్టారెంట్లు అంటారు. కుటుంబమంతా కూర్చుని, సర్వరు వడ్డించగా, మధ్యరకం ధరకు భోంచేసే హోటళ్ళు వీటిలో ఒక ముఖ్యమైన తరగతి. ప్రజలు ఎక్కడ, ఎవరితో కలిసి తింటారన్నది తరాన్నిబట్టి మారుతూ ఉంటుంది. ఆ మార్పు ప్రభావం ఈ హోటళ్ళ రాబడిపై నేరుగా పడుతుంది. చిత్తూరు జిల్లాలోని ఐరాల పరిసరాలలో దీనిని గమనించవచ్చు.

నేపథ్యం

ఐరాల మండలంలోని కాణిపాకంలో వరసిద్ధి వినాయకస్వామి ఆలయం ఉన్నది. చెన్నై, బెంగుళూరుల నుండి కూడా యాత్రికులు ఇక్కడికి వస్తారు. పాత తరంవారికి హోటలు భోజనం ప్రయాణంలోనో, కోర్టు పనిమీదో, ఆసుపత్రికి వెళ్ళినప్పుడో తప్పనిసరి అవసరం మాత్రమే. యాత్రకు బయలుదేరేవారు పులిహోర, పెరుగన్నం మూటకట్టుకొనేవారు. వారి పిల్లల తరంలో హోటలుకు వెళ్ళడం ఒక వేడుక అయింది. 1981లో చెన్నైలో మొదలైన శరవణ భవన్ వంటి శాకాహార సంస్థలు, 1995లో బెంగుళూరులో తొలి శాఖను తెరిచిన కె.ఎఫ్.సి. వంటి విదేశీ సంస్థలు ఈ అలవాటుపైనే విస్తరించాయి. 2014లో బెంగుళూరులో స్విగ్గీ మొదలైన తరువాతి కాలంలో, పట్టణ యువతకు హోటలు ఇంటి గుమ్మానికే వచ్చింది.

సంగటి

రాయలసీమ పల్లెలలో రాగి సంగటి ఒకప్పుడు రోజువారీ ఆహారం. బియ్యం లేదా నూకలు మెత్తగా ఉడికించి, రాగిపిండి పోసి, ఉండలు కట్టకుండా కట్టెతో గెలికి, వేడిగా ఉండగానే ముద్దలు చేస్తారు. వరి అన్నం అందుబాటులోకి వచ్చాక సంగటి పేదల తిండి అనే చిన్నచూపు ఏర్పడింది. అదే సంగటిని నేడు నాటుకోడి పులుసుతో కలిపి రాయలసీమ వంటకాల హోటళ్ళు ప్రత్యేక వంటకంగా అమ్ముతున్నాయి. తాతలు ఇంట్లో తిన్నదానిని మనుమలు డబ్బిచ్చి తింటున్నారన్నమాట. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడంతో రాగులకు ప్రచారం మరింత పెరిగింది.

అయితే సంగటి చల్లారితే గట్టిపడుతుంది. పొట్లం కట్టి పంపడానికి బిరియాని అనువైనంతగా సంగటి అనువైనది కాదు. ఇంటికి తెప్పించుకొనే అలవాటు పెరిగేకొద్దీ, వడ్డించగానే తినవలసిన ఇటువంటి వంటకాలు వెనుకబడతాయి.

హోటళ్ళపై ప్రభావం

కుర్చీలు, బల్లలు, సర్వర్లు, పెద్ద హాలు అద్దె - ఇవన్నీ కూర్చుని తినేవారిని నమ్ముకొని పెట్టిన ఖర్చులు. ఆర్డర్లు ఫోను ద్వారా వస్తే ఈ ఖర్చు తగ్గదు, పైగా డెలివరీ సంస్థకు కమీషను చెల్లించాలి. అందువలన కొన్ని సంస్థలు వంటగది మాత్రమే ఉండే శాఖలను నడుపుతున్నాయి.

అమెరికాలో 2024 మే నెలలో రెడ్ లాబ్‌స్టర్, నవంబరులో టి.జి.ఐ. ఫ్రైడేస్ దివాలా రక్షణ కోరాయి. దీనికి యువతరం అభిరుచులే కారణమని చెప్పడం తేలిక. కాని రెడ్ లాబ్‌స్టర్ విషయంలో, హోటళ్ళ స్థలాలను 2014లో అమ్మి, వాటికే అద్దె చెల్లించవలసి రావడం కూడా పెద్ద భారమైంది.

కాణిపాకంలో వినాయక చవితితో మొదలయ్యే బ్రహ్మోత్సవాలు 21 రోజులు జరుగుతాయి. ఈ యాత్రలకు తాతలు, తల్లిదండ్రులు, పిల్లలు ఒకే వాహనంలో వస్తారు. దారిలో అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవలసిందే కనుక, రహదారి పక్క హోటళ్ళకు పెద్ద హాలు ఇప్పటికీ అవసరమే.