స్నాతకోత్సవం - నల్ల గౌను



మా మనవరాలికి కాలేజీ నుంచి స్నాతకోత్సవం కాగితం వచ్చింది. తెల్ల చీరగానీ చుడీదారుగానీ కట్టుకోవాలి, పైన వాళ్లిచ్చే కండువా వేసుకోవాలి, గంట ముందే కుర్చీలో ఉండాలి, వెంట ఇద్దరికే ప్రవేశం. తాతకు చోటు లేదు లెండి! "ఈ గుడ్డల నియమం ఎప్పటిది తాతా?" అని అడిగింది.

స్నాతకుడంటే స్నానం చేసినవాడు. చదువు ముగించిన శిష్యుడు గురువు వద్ద సెలవు తీసుకొని, స్నానం చేసి, కొత్త బట్టలు కట్టి, గొడుగు, చెప్పులు ధరించి ఇంటికి మరలేవాడని గృహ్యసూత్రాలు చెబుతాయి. అంతవరకు ఆ సుఖాలు నిషిద్ధం.

నల్ల గౌను మాత్రం ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడి పాత విద్యాలయాల రాతి గదుల్లో చలికి తట్టుకోవడానికి పొడవాటి అంగీలు వేసుకునేవారు. వీపున వేలాడే హుడ్డు కూడా మొదట తల కప్పుకునే ముసుగే. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఆ వేషం మనకూ దిగింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని మన సీమలో చలి అంగీ!

మన అనంతపురం ఆర్ట్సు కాలేజీ 1916లో సీడెడ్ జిల్లాల కాలేజీగా మొదలైంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఇక్కడ కొంతకాలం పాఠాలు చెప్పారు. పట్టా మాత్రం మద్రాసుదే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చినా కొద్దికాలానికే సీమ కాలేజీలు తిరిగి మద్రాసు కిందికే పోయాయి. పట్టా చేతులమీదుగా పుచ్చుకోవాలంటే గుంతకల్లుకు పోయి మద్రాసు మెయిలు ఎక్కాలి. రైలు ఖర్చు, బస ఖర్చు, గౌను బాడుగ. అంత పెట్టుకోలేనివారు ఫీజు కట్టి పట్టా పోస్టులో తెప్పించుకునేవారు. 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1981లో మన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చాక దూరం తగ్గింది.

మర్యాదలు పెద్దగా మారలేదు. పెద్దల ఊరేగింపు వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు అందరూ లేచి నిలబడాలి. తమ డిగ్రీ పేరు పిలిచినప్పుడే లేవాలి. మధ్యలో బయటికి పోరాదు. టోపీ కుచ్చు ఈ వైపునుంచి ఆ వైపుకు తిప్పడం అమెరికావారి అలవాటు, ఈమధ్య మన పిల్లలూ చేస్తున్నారు.

2010లో భోపాల్ స్నాతకోత్సవంలో కేంద్రమంత్రి జైరాం రమేష్ గారు గౌను విప్పేశారు, అది వలసపాలన అవశేషమన్నారు. 2015లో యు.జి.సి. చేనేత బట్ట వాడమని విశ్వవిద్యాలయాలకు రాసింది. ధర్మవరం పక్కనున్న మనకు ఆ మాట తియ్యగానే ఉంటుంది. అయినా గౌనును నేను తిట్టలేను.

నేను 1971లో బి.ఏ. ప్యాసయ్యాను. ఆ ఏడు వేరుశెనగ విత్తనం కూడా తిరిగి రాలేదు. తిరుపతి ప్రయాణం మానుకొని పట్టా పోస్టులో తెప్పించుకున్నాను. గౌనులో కొడుకును చూడాలని మా నాయన ఆశ. ఊళ్లో ఒక ఫోటో స్టూడియోలో గౌను, హుడ్డు బాడుగకు ఉండేవి. నాయన ఉతికిన రుమాలు చుట్టుకొని కుర్చీలో కూర్చున్నాడు, నేను పక్కన నిలబడ్డాను. చుట్టిన కాగితమొకటి చేతిలో పెట్టారు, అది పట్టా కాదు, పాత క్యాలెండరు.

ఆ ఫోటో ఇప్పటికీ మా నడవలో ఉంది. నా వీపుమీది హుడ్డు బి.ఏ.ది కాదని కొన్నాళ్లకు ఒక లెక్చరరు గారు చూసి చెప్పారు. నాయనకు ఆ సంగతి నేను చెప్పలేదు.