ఛాయాచిత్రకుని ఋణము

ఆంధ్రా పారిసని బిరుదువడసిన తెనాలి కాలువగట్లమీదను, బాపట్ల భావనారాయణస్వామి కోవెల ముంగిటను, రేపల్లెలో రైలు దిగి పల్లెలకు బోవు బాటసారుల నడుమను కెమేరా చేతబూని తిరుగు యువకులు నేడు కానవచ్చుట వింతగాదు. వీరికి వీధియే చిత్రశాల. ఎవరిని కూర్చుండబెట్టక, ఏ తెరయు గట్టక, నడచుచున్న లోకమును నడచుచున్నట్లే పట్టుట వీరి వ్రతము. వెలుగునీడల పొందిక కుదురువరకు ఒక మూల గంటసేపు నిలుచుటకును వీరు వెనుదీయరు. ఈ కళయొక్క సొగసును గూర్చి ముచ్చటించువారు పలువురు కలరు. దాని ఋణమును గూర్చి తలచువారరుదు. ఆ ఋణమెట్టిదో చరిత్రముఖమున విచారింతము.

ఈ సీమ చూచిన యుపద్రవములలో 1832–33 నాటి నందన కరువు మిక్కిలి ఘోరమైనది. గుంటూరు ప్రాంతమున ఊళ్లకూళ్లు పాడుపడెను. అప్పటికి ఛాయాచిత్రవిద్య లోకమునకు తెలియదు. పారిసు నగరమున డాగేర్ పద్ధతి వెల్లడింపబడినది 1839లో. కావున ఆ కరువున మడిసినవారి ముఖమొక్కటియు మనకు మిగులలేదు. అయినను జనులు దానికి డొక్కల కరువని పేరిడిరి. ఎముకలు లెక్కింపదగిన ప్రక్కలను ఆ యొక్కమాట నేటికిని కన్నులకు గట్టుచున్నది. ఆ పేరు పెట్టినవారు ఆ యాకలిని తామును పడినవారు. వేడుక చూడవచ్చినవారు కారు.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట కృష్ణ నీరు కాలువలగుండ తెనాలి, రేపల్లె ప్రాంతములకు పారెను. ఆ భాగ్యము లేని బళ్లారి, కర్నూలు, కడప మండలములను 1876–78 నాటి ధాత కరువు దహించెను. అప్పటికి కెమేరా వచ్చినది. సైనికోద్యోగియగు విల్లోబీ వాలెస్ హూపర్ మద్రాసు రాజధానిలో ఆకలిచే శల్యావశిష్టులైన స్త్రీలను, శిశువులను, వృద్ధులను గుంపులుగా కూర్చుండబెట్టి పటములు తీసెను. ఆ పటములు నేటికిని గ్రంథములలో అచ్చగుచున్నవి. వారి ప్రక్కటెముకలు మనకు కనబడును. వారి పేళ్లు వినబడవు. ఈ హూపరే 1886లో మాండలేలో బర్మా ఖైదీలను కాల్చి చంపునపుడు గుండు తగులు క్షణమును పట్టుటకై కెమేరాను నిలిపెనను ఆక్షేపణ పుట్టి బ్రిటిషు పార్లమెంటు వరకు బోయెను. ఆకలిగొన్నవానిని కూర్చుండబెట్టినపుడు పుట్టిన కాఠిన్యమే మాండలేలో ముదిరినదని మా తలంపు.

ఇదే కాలమున మరియొక తీరును గలదు. 1844లో సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివిన దీన్ దయాళ్ ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని కొలువున ఛాయాచిత్రకుడై కీర్తిగాంచెను. 1892లో ఆయన హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేక చిత్రశాలను నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక స్త్రీకే యప్పగించెను. ఉన్నతకుటుంబపు స్త్రీ ముఖమును చిత్రించుటకు ఆమె యిష్టము కావలెను, చాటు కావలెను, మర్యాద కావలెను. మంచిదే. ఆ మర్యాద తెనాలి సంతలో గంపనెత్తుకొన్న కూలిస్త్రీకేల లేదు?

ఈ ప్రశ్నకు సమాధానమును కొయ్యపెట్టె కెమేరాతో దేశమున పట్టణముల వీధుల జీవించిన సామాన్యుడు చూపెను. వాని పనితీరు చిత్రమైనది. ముక్కాలిపై పెట్టె, పెట్టెలోనే చీకటిగది, అందులో రసాయనపు తొట్లు. నల్లగుడ్డ చొక్కాచేతిగుండ చేయి లోనికి జొనిపి, తడవియే పని జరుపవలెను. మొదట కాగితముపై నలుపు తెలుపుగాను, తెలుపు నలుపుగాను బొమ్మ యేర్పడును. దానినే కటకమునకెదురుగా నిలిపి మరల పటము తీసినచో నిజరూపము వచ్చును. కొలది నిమిషములలో ఆ తడికాగితము కూర్చున్నవాని చేతిలోనుండును. పేదవాడు తన యిష్టమున వచ్చి, తన చిల్లర తానిచ్చి, తన ముఖమును తాను ఇంటికి గొనిపోయెను. ఈ వృత్తికారుని కళాకారుడని పొగడినవారరుదు. అయినను ఋణము తీర్చినవాడు వాడే.

1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన దివిసీమను ముంచెత్తెను. కృష్ణకీవలి రేపల్లె, బాపట్ల తీరపు పల్లెలును దెబ్బతినెను. అట్టి వేళ ఛాయాచిత్రము సహాయమును పిలుచు దూతయగును. దానిని మేము కాదనము. కాని శవమును జూపిన పటము క్రింద పేరును లేకున్న, చచ్చినవాడు మరల చచ్చినట్లే.

ముందుగా అడిగినచో సహజభావము చెడునని కళావేత్తలు చెప్పుదురు. నిజమే. పిమ్మట అడుగవచ్చును గదా! పటమును చూపి, పేరడిగి, వలదన్నచో తుడిచివేయుట కేమి కష్టము? కొయ్యపెట్టెవాడు రెండుమారులు పటము తీసి, రసాయనములలో చేతులు ముంచి ఇచ్చినదానిని నేటి యువకుడు చేతిఫోనుతో క్షణమున పంపగలడు. ఖర్చులేదు, శ్రమలేదు, కావున సాకును లేదు.

బాపట్ల తీరమున వలలాగు వృద్ధుని చిత్రము ఏ నగరమందో బహుమానము నందవచ్చును. ఆ వృద్ధుని గుడిసెగోడపైకూడ ఒక ప్రతి వ్రేలాడవలెను. అట్లు వ్రేలాడిననాడే మన వీధికళ సంస్కారవంతమైనదని మేము నమ్ముదుము.