సామర్లకోట మొక్కల డాక్టరు

సామర్లకోట అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రెండే: రైల్వే జంక్షనూ, భీమేశ్వరాలయమూ. నాకు ఈమధ్య మూడోది కూడా తోడయింది. తెలుగు పల్లెల్లో గట్ల మీదా, అడవుల్లోనూ వాటంతటవి మొలిచే మొక్కల్ని వరసపెట్టి రాసుకుని, బొమ్మలు గీయించే పని పెద్ద ఎత్తున జరిగింది అక్కడే.

చేసినాయన విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండు మనిషి, ఈస్టిండియా కంపెనీ డాక్టరు. 1781లో సామర్లకోట వచ్చి, 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ బాధ్యతలకి వెళ్ళేదాకా ఇక్కడే ఉన్నాడు. మధ్యలో 1787 మే నెలలో కోరంగి ఉప్పెనొచ్చి అప్పటిదాకా పోగేసిన పుస్తకాలూ, కాగితాలూ, ఎండబెట్టిన మొక్కలూ పోయాయి. బేకప్ లేని హార్డ్ డిస్కు పోతే మనం వారం రోజులు అన్నం మానేస్తాం. ఈయన మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాడు. దాని ఫలితమే ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’: 1795 నుంచి 1820 దాకా లండన్లో అచ్చయిన మూడు సంపుటాలు, 300 బొమ్మలు.

కంపెనీకి మొక్కల మీద ప్రేమేమీ లేదు లెండి. దానిక్కావలసింది రంగులూ, మందులూ, కలపా. చిరివేరునే తీసుకోండి. ఇసక నేలల్లో పెరిగే చిన్న మొక్క. బందరు అద్దకానికి ఒకప్పుడు ఆ ఎరుపు దీని వేరు నుంచే వచ్చేది. రాక్స్‌బర్గ్ మొక్క బొమ్మతో సరిపెట్టకుండా రంగు వేసే పద్ధతి కూడా రాసుకున్నాడు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిమందు తీసి చూశాడు. బీడీ ఆకు తునికికి ఇప్పటికీ వాడుతున్న శాస్త్రీయ నామం పెట్టిందీ ఈయనే. సోమిద బెరడు జ్వరానికి పనికొస్తుందని అందరికీ చాటాడు. తర్వాత 1830లో ఆ చెట్టుకి ‘సోయ్‌మిడా’ అని కొత్త ప్రజాతి పేరు పెట్టారు. అంటే మన తెలుగు మాటే లాటిన్ వేషం కట్టింది!

ఇంతకీ చిరివేరు, సోమిద అన్న పేర్లు రాక్స్‌బర్గ్‌కి ఎలా తెలిశాయి? ఎవరో చెప్పారు. అద్దకం పనివాళ్ళూ, నాటువైద్యులూ, కొండల్లో కట్టెలు కొట్టేవాళ్ళూ అయ్యుంటారని నా ఊహ. ఆయన మొక్కల వర్ణనల్లో తెలుగు పేరుకో ఫీల్డుంది. చెప్పినవాడి పేరుకి మాత్రం లేదు. బొమ్మలు వేసిన మనదేశపు చిత్రకారులదీ అదే గతి. ప్రాజెక్టంతా మనం చేస్తే రిలీజ్ నోట్స్‌లో మేనేజరు పేరొక్కటే ఉండటం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అలాగని ఇదంతా దొరల దోపిడీ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. మన వైద్య గ్రంథాల్లో మొక్కలు లేవా అంటే బోలెడున్నాయి. కానీ ఒకే సంస్కృత పేరుతో ఒక్కో ప్రాంతంలో ఒక్కో మొక్క చలామణీ అవుతుంటే, ఏది అసలుదో తేల్చడానికి బొమ్మ లేదు. రాక్స్‌బర్గ్ ఆకునీ, పువ్వునీ, కాయనీ విడివిడిగా వేయించాడు కాబట్టి, రెండొందల ఏళ్ళ తర్వాత కూడా పుస్తకం పట్టుకెళ్ళి చెట్టుతో పోల్చి చూడొచ్చు.

పేర్ల విషయంలో మాత్రం నా ఓటు వాల్టర్ ఇలియట్‌కి. అమరావతి శిల్పాలు తవ్వించిన ఆయనే. ఉత్తర సర్కారుల మొక్కల మీద 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అని ఒక జాబితా అచ్చేయించాడు. అందులో ప్రైమరీ కీ తెలుగు పేరు! తెలుగు పేరు వెతికితే పక్కన లాటిన్ పేరు దొరుకుతుంది. నాబోటివాళ్ళకి మాత్రం అది తిరగేసి వాడితేగానీ పనికిరావడం లేదు. ముందు నెట్‌లో లాటిన్ పేరు పట్టుకుని, ఆ తర్వాత మా ఊరి చెరువుగట్టు మీద మొక్కని తెలుగులో ఏమంటారో అందులో వెతుక్కుంటున్నాను.