శక్కర్‌నగర్ పాకం

కాగి చిక్కబడ్డ చెరుకు పాకాన్ని గిర్రున తిరిగే జల్లెడ డబ్బాల్లో పోస్తారు. పలుకులు లోపల నిలుస్తాయి, నల్లటి మడ్డి బయటికి చిమ్ముకుపోతుంది. పంచదార, మడ్డి వేరుపడేది అక్కడే. అప్పటిదాకా అయిన ఖర్చు రెండింటికీ ఉమ్మడి. అందులో మడ్డి వాటా ఎంతో నిక్కచ్చిగా తేల్చడం ఎవరి తరమూ కాదు, తేల్చి లాభమూ లేదు. మడ్డిని ఉన్నదున్నట్టు అమ్మకుండా ఆల్కహాల్ చేస్తే పైన వచ్చేదెంత, అందుకు పైన అయ్యేదెంత? చూసుకోవాల్సిన లెక్క అదొక్కటే.

బోధన్ నిజాం షుగర్స్ గురించి ఎవరు మాట్లాడినా నా మనసు ఆ జల్లెడ దగ్గరికే పోతుంది. మంజీర మీద నిజాంసాగర్ కట్టాక, ఆ నీళ్ళ ధీమాతో 1937లో పుట్టిన ఫ్యాక్టరీ అది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు పేరు. అది వెలసిన చోటు శక్కర్‌నగర్ అయింది. చెరుకు అంటే ఒక్క చక్కెరే కాదు. టన్ను గడ ఆడిస్తే వంద కిలోల పంచదారతో పాటు నలభై కిలోలకు పైగా మడ్డి, 300 కిలోల దాకా పిప్పి వస్తాయి. కానీ మిల్లు తలరాత రాసింది మాత్రం పంచదార ధరే.

నష్టాలు ముదిరాయి. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో ఆ సంస్థకున్న బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మిల్లులు మూడూ మూతపడ్డాయి.

మూడేళ్ళు తిరక్కుండానే, 2018లో, కేంద్రం కొత్త జీవ ఇంధన విధానం తెచ్చింది. తీపంతా పిండేశాక మిగిలే ఆఖరి మడ్డి నుంచే కాదు, ఇంకా తీపి ఉన్న బి మడ్డి నుంచీ, నేరుగా చెరుకు రసం నుంచీ పెట్రోలులో కలిపే ఇథనాల్ చేయొచ్చంది. పంచదార ధర పడిపోతే పాకాన్ని సగంలోనే ఆపి అటు మళ్ళించే వీలు మిల్లులకు దక్కింది. ఆ వీలు ముందే ఉంటే బోధన్ బతికేదని నేను అనను. అప్పులూ జీతాల బకాయిలూ అప్పటికే మెడదాకా వచ్చాయి. అయినా ఆ లెక్క వేసుకునే అవకాశమన్నా దానికి దక్కకపోవడం నన్ను తొలుస్తూనే ఉంది.

మళ్ళీ తెరుస్తామన్న మాట ఎన్నికలప్పుడల్లా వినపడుతుంది. రైతులు చాలామంది ఈలోగా వరికి మళ్ళారు. మిల్లు తిరగాలంటే చెరుకు కావాలి, ఆడించే మిల్లు ఎదురుగా కనపడందే ఏ రైతూ చెరుకు నాటడు.